మనవాళ్లని స్టేషన్‌కి తీసుకెళ్లి కొడితే: మొదటి రెండు రోజుల్లో చేయాల్సిన పనులు

మా పిన్ని కొడుకుని, అంటే నాకు తమ్ముడు, బైక్ దొంగతనం అనుమానంతో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్లారు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపి, చొక్కా కూడా వేసుకోనివ్వలేదు. రెండు రాత్రులు స్టేషన్లో ఉంచి, మూడో రోజు పొద్దున బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు కాగితం రాశారు. ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టర్ "ఏమైనా దెబ్బలున్నాయా" అని అడిగింది వాణ్ణి కాదు, పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌ని. "ఏం లేవు సార్" అన్నాడాయన. ఆ తర్వాత మేజిస్ట్రేట్ ముందు కూడా మావాడే "ఏం లేదు సార్" అన్నాడు. అలా అనకపోతే ఏమవుతుందో జీపులోనే చెప్పి తీసుకొచ్చారు మరి. అరికాళ్లు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు, మా పిన్ని తెచ్చిన చెప్పుల జత చేత్తో పట్టుకుని కోర్టు వరండాలో నడుస్తుంటే మేమంతా చూస్తూనే ఉన్నాం, దాన్ని ఎవరికి చెప్పాలో ఎలా చెప్పాలో మాకెవరికీ తెలియలేదు.

పన్నెండు రోజుల తర్వాత బెయిల్ వచ్చింది. అప్పటికి వాపు తగ్గింది, నల్లగా కమిలిన చోట్లు పసుపు రంగుకి వచ్చాయి. మా ఫిర్యాదు పట్టుకుని ఎక్కడికి వెళ్లినా రెండే ప్రశ్నలు: మెడికల్ ఏది? మేజిస్ట్రేట్‌కి ఎందుకు చెప్పలేదు? మా దగ్గర రెంటికీ జవాబు లేదు.

అప్పటి నుంచి ఇలాంటి కేసుల్లో తిరిగే లాయర్లని, హక్కుల సంఘాల వాళ్లని అడిగి అడిగి నేర్చుకున్నది ఇది. లాయర్ అవసరం లేదని చెప్పడం లేదు, లాయర్ దొరికేలోపు ఇంట్లో వాళ్లు చేయగలిగినవి చెబుతున్నాను. దెబ్బ పది రోజుల్లో మానిపోతుంది, ఆలోపు అది కాగితం మీదకి ఎక్కిందా లేదా అన్నదాని మీదే మిగతా అంతా నడుస్తుంది.

తీసుకెళ్తున్నప్పుడు

అడ్డం పడకండి. చేయి పట్టుకుని లాగినా, జీపుకి అడ్డంగా పడుకున్నా, విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డుకున్నారని, దాడి చేశారని మీ మీద కేసు పెట్టడం వాళ్లకి చాలా తేలిక. భారతీయ న్యాయ సంహితలో 132, 221 సెక్షన్లు ఉన్నది దానికే. ఇంట్లో ఒకళ్లు మాట్లాడాలి, ఇంకొకళ్లు నాలుగడుగుల దూరం నుంచి ఫోన్‌లో వీడియో తీయాలి. వచ్చినవాళ్ల ముఖాలు, నేమ్‌ప్లేట్లు, బండి నంబర్ ప్లేట్ పడాలి. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా ఉంచుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 36వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి మఫ్టీలో వచ్చినా పేరు, ఏ స్టేషన్ అని అడగొచ్చు. పోలీసులని వీడియో తీయడమే నేరం అని చెప్పే చట్టం ఏదీ లేదు. స్టేషన్ లోపల తీసినందుకు అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడితే, పోలీస్ స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషేధిత ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆ కేసు కొట్టేసింది. అయినా ఫోన్ లాక్కునే ప్రమాదం ఉంటుంది గనక తీసిన వెంటనే ఇద్దరు ముగ్గురికి పంపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, ఒరిజినల్ ఫైల్ మాత్రం ఆ ఫోన్‌లోంచి చెరపకండి.

బండి కదలగానే 112కి ఫోన్ చేయండి. పోలీసుల మీద పోలీసులకే ఫోన్ చేయడమేంటి అనిపిస్తుంది, కానీ మనకి కావలసింది ఆ కాల్ టైమ్. ఫలానా టైముకి, ఫలానా ఇంటి నుంచి, ఫలానా మనిషిని తీసుకెళ్లారు, ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పలేదు అని ఆ రికార్డులో పడుతుంది. తర్వాత వాళ్లు మూడో రోజు బస్టాండ్ దగ్గర పట్టుకున్నాం అని రాస్తే ఆ కాల్ అడ్డం వస్తుంది. మేం చేయలేదు. అదే విషయం ఎస్పీ ఆఫీసుకో కమిషనరేట్‌కో మెసేజ్ కూడా పెట్టండి, ఫోన్లో చెప్పి వదిలేయొద్దు, రాతపూర్వకంగా ఉండాలి.

"అరెస్ట్ చేయలేదు, మాట్లాడటానికి పిలిచాం"

అసలు తిరకాసంతా ఈ మాటలోనే ఉంది. అరెస్ట్ చూపిస్తే ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అది రాజ్యాంగం 22వ అధికరణ, ప్రయాణానికి పట్టే టైమ్ ఒక్కటే అందులోంచి తీసేస్తారు. అందుకని అరెస్ట్ చూపించకుండా రెండు మూడు రోజులు కూర్చోబెడతారు, కొట్టేది ఎక్కువగా అప్పుడే. స్టేషన్‌కి వెళ్లి అడిగితే రైటర్ "లోపల ఉన్నాడమ్మా, ఎంక్వైరీ అయిపోగానే పంపిస్తాం" అంటాడు. అక్కడ గొడవపడి లాభం లేదు, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నోటీసు ఇచ్చారా?" నిందితుడు అనుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ 3వ క్లాజు కింద, సాక్షి అనుకుంటే 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా నోటీసు ఉండాలి. ఫోన్ చేసి "ఒకసారి స్టేషన్‌కి వచ్చి పో" అనడం నోటీసు కాదు. సాక్షిగా పిలిచేటప్పుడు ఆడవాళ్లని, 15 ఏళ్ల లోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లని, వికలాంగుల్ని, తీవ్రంగా జబ్బు చేసినవాళ్లని వాళ్లుండే చోటే విచారించాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఆడవాళ్లని అరెస్ట్ చేయకూడదు, ఏదైనా ప్రత్యేక పరిస్థితి ఉంటే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని చేయాలి.

ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అలవాటుగా అరెస్ట్ చేయకూడదని, ఎందుకు అరెస్ట్ చేయాల్సి వచ్చిందో కారణం రాయాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. మా తమ్ముడి మీద పెట్టిన దొంగతనం కేసు కూడా దాని కిందకే వస్తుందని మాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

అరెస్ట్ చూపిస్తే మాత్రం మెమో రాయాలి, దాని మీద టైమ్, తేదీ ఉండాలి, ఇంటివాళ్లో, ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. 1996లో డీకే బసు తీర్పులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులివి, ఇప్పుడు చట్టంలోకే వచ్చాయి. మీతో సంతకం పెట్టమంటే తప్పుడు టైమ్ ఉన్న కాగితం మీద పెట్టకండి. పెట్టక తప్పని పరిస్థితి అయితే సంతకం కిందే "నిన్న రాత్రి 9.30కి ఇంటి దగ్గర తీసుకెళ్లారు" అని మీ చేతిరాతతో రాయండి. ఖాళీ కాగితం మీద సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎందుకు అరెస్ట్ చేశారన్నది అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, ఆలస్యమైనా రిమాండ్‌కి పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగువాడికి తెలుగులో ఇమ్మని అడగండి.

ఇరవై నాలుగు గంటలు దాటినా కోర్టుకి తేకపోతే రెండు దారులున్నాయి. హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని వేసే పిటిషన్, అందరికీ తెలుసు, కానీ అమరావతికో హైదరాబాద్‌కో వెళ్లాలి, లాయర్ కావాలి, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. దానికంటే దగ్గరి దారి మీ ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 100వ సెక్షన్ కింద, పాత సీఆర్‌పీసీలో 97, అక్రమంగా బంధించిన మనిషి కోసం సెర్చ్ వారెంట్ వేయొచ్చు. మేజిస్ట్రేట్ ఒక అడ్వకేట్ కమిషనర్‌ని వేస్తే ఆయన నేరుగా స్టేషన్‌కి వెళ్లి లోపల ఎవరున్నారో చూసి, జనరల్ డైరీ, అంటే స్టేషన్లో రోజూ జరిగేవి రాసే పుస్తకం, చూసి రిపోర్ట్ ఇస్తాడు. కింది కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్లకి ఇది బాగా తెలుసు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి.

డాక్టర్ దగ్గర

అరెస్ట్ అయిన మనిషిని వెంటనే ప్రభుత్వ డాక్టర్ పరీక్షించాలి. ఒంటి మీద దెబ్బలుంటే అవేంటో, ఏ టైముకి తగిలి ఉండొచ్చో రాయాలి, ఆ రిపోర్ట్ కాపీ ఆ మనిషికి గానీ అతను చెప్పినవాళ్లకి గానీ ఇవ్వాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 53లో ఉందిది. ఆచరణలో రాత్రి పదింటికి క్యాజువాల్టీలో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబెట్టి, బీపీ చూసి, "ఫిట్" అని రాసి పంపించేస్తారు. డాక్టర్లందరూ చెడ్డవాళ్లని నేను అనను, అవతల యాభై మంది పేషెంట్లుంటారు, కానీ ఆ ఒక్క "ఫిట్" అన్న మాట తర్వాత రెండేళ్లు మనల్ని వెంటాడుతుంది.

కాబట్టి ఇంట్లోవాళ్లు ఆసుపత్రి దగ్గర ఉండాలి. ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ముందే ఊహించొచ్చు, మీ స్టేషన్ పరిధిలో ఏరియా ఆసుపత్రో జిల్లా ఆసుపత్రో ఒకటే ఉంటుంది. అక్కడ డాక్టర్‌తో మర్యాదగా, గట్టిగా చెప్పండి: "డాక్టర్ గారూ, మావాడు అరికాళ్లు నొప్పంటున్నాడు, చొక్కా విప్పించి, కాళ్లు చూసి రాయండి, దయచేసి పోలీసుల్ని కాసేపు బయట ఉండమనండి." మనిషితో కూడా ముందే చెప్పగలిగితే చెప్పండి, డాక్టర్ అడగకపోయినా తనే చూపించాలి.

చూపించాల్సిన చోట్లు మామూలుగా కనపడవు. అరికాళ్ల మీద లాఠీతో కొడితే పైకి చర్మం చిట్లదు, లోపల వాస్తుంది, నడిస్తే నొప్పి. తొడల వెనక, పిరుదుల మీద, భుజాల కీళ్ల దగ్గర, చెవుల మీద. చెంప మీద గట్టిగా కొడితే చెవి కర్ణభేరి పగలొచ్చు, బయటికి ఏమీ కనిపించదు, వినపడటం లేదని మనిషి చెబితేనే తెలుస్తుంది, ఈఎన్‌టీ చూడాలి. వేళ్లు వాస్తే ఎక్స్‌రే అడగండి. మూత్రం ఎర్రగానో, టీ డికాక్షన్ రంగులోనో వస్తే అది చాలా సీరియస్, బాగా కొట్టినప్పుడు కండరాలు దెబ్బతిని కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంటుంది, కేసు సంగతి తర్వాత, ముందు అడ్మిట్ చేయించండి.

కేసు లేకుండా "పో" అని వదిలిపెడితే చాలామంది ఇంటికెళ్లి నూనె రాసుకుని పడుకుంటారు. వద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ చేయించండి, అంటే మెడికో లీగల్ కేసుగా రిజిస్టర్‌లో రాయించడం. ఎలా తగిలాయని అడిగితే "ఫలానా స్టేషన్లో పోలీసులు కొట్టారు" అనే చెప్పాలి. "పడ్డాను" అన్నామంటే ఇక అంతే. ఆసుపత్రి అవుట్‌పోస్ట్ పోలీసుకి ఇంటిమేషన్ వెళ్తుంది, అది చూసి భయపడకండి, ఆ ఇంటిమేషన్ కూడా మనకి ఒక కాగితమే. ఎంఎల్‌సీ నంబర్ రాసుకోండి, ఓపీ చీటీ, ఎక్స్‌రే ఫిల్మ్, బిల్లులు దాచండి. గాయాల ధ్రువీకరణ పత్రం, అదే వూండ్ సర్టిఫికెట్, తర్వాత వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో రాయనంటే ప్రైవేట్ ఆసుపత్రిలో అయినా చూపించి రాయించుకోండి, ఏమీ లేకపోవడం కంటే నయం.

ఫోటోలు రోజూ తీయండి. మొదటి రోజు ఎర్రగా ఉన్నది మూడో రోజుకి నల్లబడుతుంది, తర్వాత పసుపుగా మారుతుంది, ఆ వరస మొత్తం ఉంటే దెబ్బ సుమారుగా ఎప్పుడు తగిలిందో చెప్పడానికి డాక్టర్‌కి ఆధారం ఉంటుంది. పగటి వెలుతురులో, ముఖం కనపడేలా ఒకటి, దెబ్బ దగ్గర్నుంచి ఒకటి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఒకటి. రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో అయితే బూజు పడుతుంది.

మేజిస్ట్రేట్ అడిగే ప్రశ్న

రిమాండ్‌కి పెట్టినప్పుడు మేజిస్ట్రేట్ "పోలీసులు కొట్టారా, ఇబ్బంది పెట్టారా" అని అడుగుతారు. అడగకపోయినా చెప్పొచ్చు. ఆ ఒక్క నిమిషం ఎంత ముఖ్యమో ముందు తెలిస్తే మావాడు ఎంత బెదిరించినా చెప్పేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆదివారమో, రాత్రో అయితే మేజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గరే పెడతారు, అక్కడ ఇంకా హడావుడి. చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసం కాదు: "అయ్యా, నన్ను మొన్న రాత్రి నుంచి స్టేషన్లో పెట్టారు, కాళ్ల మీద కొట్టారు, చూపిస్తాను, ఆసుపత్రికి పంపించండి, నేను చెప్పింది రాయండి." ఈ మాట రికార్డయితే మేజిస్ట్రేట్ మళ్లీ వైద్య పరీక్షకి పంపాల్సి వస్తుంది. జైలుకి పంపినా జైల్లోకి తీసుకునే ముందు ఒంటి మీద దెబ్బలు చూసి రాసుకుంటారు, అక్కడ కూడా చెప్పాలి, ఎందుకంటే దెబ్బలతో వచ్చిన మనిషిని రాసుకోకుండా తీసుకుంటే ఆ బాధ్యత తమ మీద పడుతుందని జైలు వాళ్లకి తెలుసు.

మనిషి నోరు విప్పలేకపోతే బయట ఉన్న ఇంటివాళ్లు లాయర్ ద్వారా అప్పటికప్పుడు చేత్తో రాసిన మెమో అయినా వేయొచ్చు. ఆ రోజు వరండాలో ఎవరైనా "వాడి చెప్పులు ఎందుకు చేతిలో ఉన్నాయో అడగండి" అని లోపలికి ఒక కాగితం పంపించి ఉంటే సరిపోయేది.

తమిళనాడులో సాత్తాన్‌కుళం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జూన్‌లో లాక్‌డౌన్ టైమ్ దాటి షాపు తెరిచారని తండ్రినీ కొడుకునీ పట్టుకుని రాత్రంతా కొట్టారు. డాక్టర్ ఫిట్ అన్నారు, మేజిస్ట్రేట్ రిమాండ్ చేశారు, రోజుల వ్యవధిలో ఇద్దరూ చనిపోయారు. ఆ రెండు మెట్ల దగ్గర ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆగి చూసి ఉంటే వాళ్లు బతికేవాళ్లని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కేసు నిలబడటానికి పెద్ద కారణం అదే స్టేషన్లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే జరిగింది జరిగినట్టు మేజిస్ట్రేట్‌కి చెప్పడం. అన్ని స్టేషన్లలోనూ మనసొప్పక చూస్తూ ఉండే ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి.

సీసీ కెమెరా ఫుటేజ్

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో గేటు, లాకప్పులు, వరండాలు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది అన్నిచోట్లా కెమెరాలుండాలని, రికార్డింగ్ 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాదికి తగ్గకుండా దాచాలని ఆదేశించింది. కాగితం మీద అలా ఉంది. సాత్తాన్‌కుళంలో కెమెరాలున్నా ఏ రోజు ఫుటేజ్ ఆ రోజే చెరిగిపోయేలా సెట్ చేసి ఉందని విచారణకి వెళ్లిన మేజిస్ట్రేట్ హైకోర్టుకి రిపోర్ట్ ఇచ్చారు. అందుకని ఫుటేజ్ "ఇవ్వండి" అని అడగడం కంటే ముందు "చెరపకండి" అని రాయాలి. వదిలిపెట్టిన రోజే ఎస్పీకి ఒక పేజీ ఉత్తరం: ఫలానా తేదీ రాత్రి 9.30 నుంచి ఫలానా తేదీ మధ్యాహ్నం వరకు ఫలానా స్టేషన్ అన్ని కెమెరాల ఫుటేజ్ భద్రపరచండి, ఇది సాక్ష్యం. ఆ ఉత్తరం అందాక ఫుటేజ్ పోతే పోయినందుకు జవాబు వాళ్లు చెప్పుకోవాలి. ఆ తర్వాత ఆర్టీఐ వేయండి, కోర్టులో పిటిషన్ వేయండి. ఆర్టీఐకి మామూలుగా 30 రోజుల గడువు, కానీ మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారం అయితే 48 గంటల్లో ఇవ్వాలి, దరఖాస్తు పైన ఆ మాట పెద్దక్షరాలతో రాయండి.

స్టేషన్ కెమెరాలే కాదు. ఎదురుగా ఉన్న టీ కొట్టు, మెడికల్ షాపు, మీ వీధి చివర అపార్ట్‌మెంట్ కెమెరాలు కూడా ఉంటాయి, వాటిలో వారం పది రోజులకే పాతది పోతుంది. ముందు అక్కడికి పరిగెత్తండి.

ఫిర్యాదు రాయడం

కోపం అంతా కాగితం మీద పెట్టొద్దు. "రాక్షసుల్లా హింసించారు" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేంతో, ఎన్నిసార్లు, ఎవరు చూశారు. ఇలా రాయండి:

"తేదీ ఫలానా, రాత్రి 9.30 గంటలకు ఎస్ఐ ఫలానా, మరో ఇద్దరు కానిస్టేబుళ్లు మా ఇంటికి వచ్చి నా కుమారుణ్ణి ఫలానా నంబరు జీపులో తీసుకెళ్లారు. నోటీసు ఇవ్వలేదు. రాత్రి 11 గంటలకు స్టేషన్ వెనక గదిలో కింద కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, ఒకరు మోకాళ్ల మీద నిలబడగా మరొకరు అరికాళ్ల మీద లాఠీతో సుమారు ఇరవై సార్లు కొట్టారు. అప్పుడు లాకప్‌లో ఇంకో ఇద్దరున్నారు. ఎంఎల్‌సీ నంబరు ఫలానా."

పేరు తెలియకపోతే "పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకున్న, తోటివాళ్లు ఫలానా అని పిలిచిన కానిస్టేబుల్" అని రాయండి. తెలియనిది తెలిసినట్టు, జరగనిది జరిగినట్టు ఒక్క ముక్క కూడా కలపొద్దు. రెండు దెబ్బలు పదిగా రాస్తే మెడికల్ రిపోర్ట్‌తో పొంతన కుదరక మిగతా నిజం కూడా పోతుంది.

ఎస్సీ ఎస్టీలైతే, కులం పేరుతో తిట్టి ఉంటే ఆ తిట్టు ఉన్నదున్నట్టు రాయండి, సిగ్గుపడి "అసభ్యంగా దూషించారు" అని మార్చొద్దు. అట్రాసిటీ చట్టం పెట్టాలంటే ఆ మాటలే ఆధారం, ఆ చట్టం కింద దర్యాప్తు కూడా ఎస్ఐ కాదు, డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

ఎక్కడ ఇవ్వాలంటే, అదే స్టేషన్లో తీసుకోరు, తీసుకుంటే మంచిదే. వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరం జరిగిందని చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, వేరే స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ (తమ పరిధి కాకపోయినా కట్టి, పరిధి ఉన్న స్టేషన్‌కి పంపేది) కూడా ఇవ్వొచ్చు. కట్టకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ 4వ క్లాజు కింద ఎస్పీకో కమిషనర్‌కో స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ దాచండి. సోమవారం అర్జీలు తీసుకునే చోట కూడా ఇచ్చి నంబర్ తీసుకోండి, కానీ దానితో ఆగిపోవద్దు, ఆ అర్జీ తిరిగి తిరిగి అదే స్టేషన్‌కి "విచారించి నివేదిక ఇవ్వండి" అని వచ్చే ప్రమాదం ఉంది. ఎస్పీ దగ్గర కూడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 175 కింద పిటిషన్, లేదా పోలీసులతో పని లేకుండా నేరుగా మేజిస్ట్రేట్‌కే ఫిర్యాదు, అదే ప్రైవేట్ కంప్లయింట్.

సెక్షన్ల గురించి రెండు ముక్కలు. ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో కొడితే న్యాయ సంహిత 120వ సెక్షన్: మామూలు గాయమైతే ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష. అక్రమ నిర్బంధానికి 127. అంటే కొట్టడం అనేది దర్యాప్తులో ఒక పద్ధతి కాదు, నేరం. అలా కొట్టి రాయించుకున్న ఒప్పుకోలు కోర్టులో పనికి రాదు కూడా, పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. అరెస్ట్‌కి ఎదురు తిరిగితే, పారిపోతుంటే అవసరమైనంత బలం వాడొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్ చెబుతుంది, అవసరమైనంత అంటే లొంగిపోయే దాకా. చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని కొట్టడానికి ఏ చట్టంలోనూ చోటు లేదు. విధి నిర్వహణలో చేశాం, ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడవదు అని బీఎన్‌ఎస్‌ఎస్ 218వ సెక్షన్ ముందుకు తెస్తారు, దానికి లాయర్ మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు ఆ అనుమతి అడిగితే 120 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే.

విడిగా హింస నిరోధక చట్టం అంటూ మన దేశంలో లేదు. హింసకి వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి ఒప్పందం మీద మనం 1997లో సంతకం పెట్టాం, ఇంకా ధ్రువీకరించలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కానీ ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు. రాష్ట్ర కమిషన్ అప్పటికే తీసుకున్న దాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు, ఒకేసారి రెండు చోట్లా వేయొద్దు. కోర్టులో నడుస్తున్న విషయమైతే మామూలుగా పక్కన పెడతారు, అందుకని ముందు కమిషన్‌కి పంపి తర్వాత కోర్టుకి వెళ్లడం మంచిదని నాకు చెప్పారు. కమిషన్ శిక్ష వేయలేదు, సిఫార్సు మాత్రమే చేస్తుంది, అయినా ఎస్పీ నుంచి రిపోర్ట్ తెప్పిస్తుంది, ఆ రిపోర్ట్‌లో వాళ్లు ఏం రాసుకున్నారో మనకి తెలియడమే పెద్ద లాభం. నష్టపరిహారం హైకోర్టు ఇవ్వగలదు, కస్టడీ మరణాల్లో ప్రభుత్వమే చెల్లించాలని 1993లో నీలబతి బెహరా కేసులో స్థిరపడింది.

మనిషి చనిపోతే

ఇలా రాయాల్సి రావడమే కష్టంగా ఉంది. కస్టడీలో చనిపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, పోలీసు విచారణతో సరిపెట్టకూడదు. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలియజేయాలి, పోస్ట్‌మార్టం వీడియో తీయాలి. ఇంటివాళ్లు చేయాల్సింది ఒక్కటే గుర్తుపెట్టుకోండి, దహనం చేయకండి. తొందరగా కానిచ్చేయమని ఒత్తిడి వస్తుంది, ఊరి పెద్దలతో చెప్పిస్తారు, డబ్బులు ఇస్తామంటారు. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు హక్కుల సంఘం హైకోర్టుకి వెళితే పాతిపెట్టిన శవాన్ని తీయించి మళ్లీ పోస్ట్‌మార్టం చేయించగలిగారు, ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లని ఉద్యోగం నుంచి తీసేశారు. కాల్చేసి ఉంటే రెండోసారి చూడటానికి ఏముండేది? 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర జరిగిన ఎన్‌కౌంటర్‌లో కూడా తెలంగాణ హైకోర్టు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో రెండోసారి పోస్ట్‌మార్టం చేయించింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులని విచారించాలని రిపోర్ట్ ఇచ్చింది.

రాజీకి వచ్చినప్పుడు

ఫిర్యాదు వెళ్లిన వారంలోపు ఎవరో ఒకరు వస్తారు. మీ కులపెద్దో, వార్డు నాయకుడో, ఒక్కోసారి మీ మేనమామే. "పోలీసులతో పెట్టుకుని బతకగలమా, వాడి మీద రౌడీషీట్ తెరుస్తారట, ఆసుపత్రి ఖర్చులు ఇప్పిస్తాను, కాగితం వెనక్కి తీసుకో." మా ఇంటికి వచ్చినాయన మా పిన్ని పెట్టిన కాఫీ తాగుతూ ఈ మాటే అన్నాడు. రాజీ పడాలా వద్దా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరు తేల్చుకోవాలి, పడ్డవాళ్లని నేను తప్పు పట్టను, ఎందుకంటే రేపు అదే వీధిలో, అదే జీపు తిరిగే ఊళ్లో ఉండాల్సింది వాళ్లు. కానీ అక్కడికక్కడే జవాబు చెప్పకండి. ఎవరు వచ్చారు, ఎప్పుడు, ఎవరు పంపారని చెప్పారు, ఏం మాట్లాడారు, అన్నీ ఆ రాత్రే ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. ఫోన్లో బెదిరిస్తే కాల్ రికార్డు దాచి, అదే ఎస్పీకి ఇంకో స్పీడ్ పోస్ట్ పంపండి. పంపిన ప్రతిదానికీ మూడు సెట్లు తీయించి ఒకటి లాయర్ దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. మా సెట్లు రెండు ఇంట్లోనే ఉండేవి, మూడోది నేను హైదరాబాద్ తెచ్చుకున్నాను, ఇది రాసేటప్పుడు పక్కన పెట్టుకున్నది అదే.